బ్లాబ్‌ఫిష్ నిజంగా అంత వికారంగా ఉంటుందా? సముద్రం అడుగున బతికే వింత జీవుల కథ

ఈ ఫోటో మీ ఫోన్‌లో ఎప్పుడో ఒకసారి చూసే ఉంటారు. గులాబీ రంగులో, కరిగిన జెల్లీ ముద్దలా, ముక్కు వేలాడేసుకుని, ఏడుపు మొహంతో ఉండే చేప. దాని పేరు బ్లాబ్‌ఫిష్. 2013లో ఆన్‌లైన్ ఓటింగ్ పెడితే, ప్రపంచంలోకెల్లా వికారమైన జంతువు అని దీన్నే గెలిపించారు. ఇక మీమ్స్‌కి లెక్కే లేదు.

కానీ అసలు విషయం ఏంటంటే, ఆ చేప అలా ఉండదు! అది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైపు సముద్రంలో 600 నుంచి 1200 మీటర్ల లోతులో బతుకుతుంది. అక్కడ కాస్త పెద్ద తల ఉన్న మామూలు చేపలాగే కనిపిస్తుంది. వలలో పడి పైకి వచ్చేసరికి ఒళ్ళంతా పాడైపోయి అలా ముద్దయిపోతుంది. అంటే మనం ఇన్నాళ్ళూ నవ్వుకున్నది ఒక చచ్చిన చేపని చూసి.

మరి లోతులో ఉండే జీవులు ఎందుకింత వింతగా ఉంటాయి? కారణాలు ముఖ్యంగా మూడు: ఒత్తిడి, చీకటి, ఆకలి.

ముందు ఒత్తిడి సంగతి చూద్దాం. నీళ్ళలో ప్రతి 10 మీటర్లు దిగేకొద్దీ మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత ఒత్తిడి అదనంగా చేరుతుంది. 1000 మీటర్ల దగ్గర మీ బొటనవేలి గోరు మీద నాలుగు 25 కేజీల బియ్యం బస్తాలు పెట్టినట్టు అన్నమాట. అయినా 2022లో జపాన్ దగ్గర సముద్రంలో 8336 మీటర్ల లోతున ఒక స్నెయిల్‌ఫిష్ హాయిగా ఈదుతూ కెమెరాకి చిక్కింది. ఎవరెస్ట్ ఎత్తు 8849 మీటర్లు, పోల్చుకోండి. ఆ చేప ఒళ్ళు మెత్తగా ఉంటుంది, లోపల నలిగిపోవడానికి గాలి సంచి ఉండదు. పైగా దాని కణాల్లో ప్రోటీన్లు చెడిపోకుండా కాపాడే ఒక రసాయనం ఉంటుంది. చేపల మార్కెట్‌లో నీచు వాసన వస్తుంది కదా, ఆ వాసన ఈ రసాయనం విరిగితేనే వస్తుంది. లోతు పెరిగేకొద్దీ చేపల్లో ఇది ఎక్కువవుతుంది.

ఇక చీకటి. 1000 మీటర్లు దాటితే సూర్యుడి వెలుగు అసలు చేరదు. అక్కడ ఆంగ్లర్‌ఫిష్ ఆడ చేప తల మీద చిన్న లైటు పెట్టుకుని తిరుగుతుంది. ఆ వెలుగు దానిలో కాపురం పెట్టిన బ్యాక్టీరియాది. వెలుగు చూసి దగ్గరికొచ్చిన జీవి నేరుగా నోట్లోకే! అంత చీకట్లో జత దొరకడం కూడా కష్టమే. అందుకే కొన్ని జాతుల్లో చిన్న మగ చేప, ఆడ చేప కనిపించగానే కొరికి పట్టుకుంటుంది. మెల్లగా ఇద్దరి ఒళ్ళూ, రక్తనాళాలూ కలిసిపోతాయి. ఇక జీవితాంతం అతుక్కునే!

మూడోది ఆకలి. ఎండ లేకపోతే మొక్కలు లేవు, మరి తిండి ఎక్కడిది? చాలావరకు పైనుంచి రాలే చెత్త, చచ్చిన జీవులే ఆధారం. కానీ 1977లో గాలాపాగోస్ దగ్గర ఆల్విన్ అనే సబ్‌మెర్సిబుల్‌లో దిగిన శాస్త్రవేత్తలు, సుమారు 2500 మీటర్ల లోతున వేడినీటి బుగ్గల చుట్టూ జీవుల గుంపులు చూసి ఆశ్చర్యపోయారు. అక్కడి ట్యూబ్ వార్మ్‌లు మనిషి కంటే పొడుగు పెరుగుతాయి. వాటికి నోరు లేదు, కడుపు లేదు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే గ్యాస్ నుంచి వాటి లోపలి బ్యాక్టీరియా ఆహారం తయారుచేసి పెడుతుంది. ఎండతో పనే లేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇలాంటి బుగ్గలు మన హిందూ మహాసముద్రంలో కూడా ఉన్నాయి. 2001లో అక్కడ ఒక నత్త దొరికింది. దాని పాదానికి ఇనుము కలిసిన పొలుసులుంటాయి, అచ్చం కవచం తొడుక్కున్నట్టు. ప్రపంచంలో ఇంకెక్కడా దొరకలేదు. 2019లో దాన్ని అంతరించిపోయే ప్రమాదం ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. కారణం, సముద్ర గనుల తవ్వకం వస్తుందన్న భయం.

బ్యాటరీలకి, ఎలక్ట్రానిక్స్‌కి కావాల్సిన నికెల్, కోబాల్ట్, రాగి లాంటి లోహాలు సముద్రం అడుగున ఉన్నాయి. హిందూ మహాసముద్రంలో వాటిని అన్వేషించడానికి మన దేశానికీ అనుమతి ఉంది. ముగ్గురిని 6000 మీటర్ల లోతుకి తీసుకెళ్ళే మత్స్య 6000ని చెన్నైలోని ఎన్‌ఐఓటీ తయారుచేస్తోంది. లోహాలు కావాలి, నిజమే. మనం వాడే ఫోనే సాక్ష్యం. కానీ అడుగున బంగాళాదుంపల్లా పడి ఉండే ఆ లోహపు ముద్దలు కొన్ని మిల్లీమీటర్లు పెరగడానికే పది లక్షల ఏళ్ళు పడుతుంది. ఒకసారి తీసేస్తే, వాటి మీద ఆధారపడ్డ జీవులకి మళ్ళీ ఇల్లు ఎప్పటికి దొరకాలి?

అందుకే ఈసారి బ్లాబ్‌ఫిష్ మీమ్ వస్తే నవ్వుకోండి, పర్లేదు. ఫార్వర్డ్ చేసేటప్పుడు మాత్రం ఒక్క లైన్ కలపండి: "వాళ్ళింట్లో ఇది బాగానే ఉంటుంది, బయటికి లాగింది మనమే" అని. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!