దవడ కీలుకు కొత్త సూదులు: ఆశ పెట్టుకోదగింది ఎంత?

కోటప్పకొండ: శివరాత్రి తిరునాళ్లకు ప్రభలు కట్టే పల్లెల్లో చెరుకు గడ కొరకబోయి చెవి ముందు కలుక్కుమన్నవారు ఊరికి నలుగురైనా కనిపిస్తారు. కొందరికి ముద్ద నమిలినప్పుడల్లా టక్కుమని చప్పుడు. మరికొందరికి ఆవలిస్తే తెరిచిన నోరు మూతపడదు. దీన్ని పంటి నొప్పిగా భావించి గట్టి పన్ను పీకించుకునేవారు, చెవిపోటనుకుని నూనె చుక్కలు వేయించుకునేవారు ఉన్నారు. అసలు బాధ దవడ కీలుది.

చెవి ముందర వేలు ఆనించి నోరు తెరిచి మూస్తే చర్మం కింద కదిలేదే ఈ కీలు. పుర్రె ఎముకకు, కింది దవడ ఎముకకు మధ్య మెత్తని బిళ్ల ఒకటి ఉంటుంది. చుట్టూ జిగురు నీరు ఉంటుంది. బండి ఇరుసుకు కందెన ఎలాగో కీలుకు ఈ నీరు అలాగ. బిళ్ల జారితే చప్పుడు వస్తుంది, ఒక్కోసారి నోరు పట్టేస్తుంది. అరిగితే కరకరమంటుంది. నిద్రలో పళ్లు కొరకడం, దెబ్బ తగలడం, కీళ్లవాతం ఇందుకు ముఖ్య కారణాలు.

గ్లూకోజే మందు

ఇలా దెబ్బతిన్న కీలును బాగుచేస్తామంటూ ఇప్పుడు పట్టణాల్లో కొన్ని సూదిమందులు వాడుకలోకి వచ్చాయి. వీటిలో పాతది ప్రోలోథెరపీ. వదులై మాటిమాటికీ జారిపోయే దవడ కీలుకు సూదితో మందు ఎక్కించి బిగువు తెప్పించే పద్ధతిని 1937లోనే అమెరికా వైద్యుడు లూయీ షుల్జ్ ప్రకటించారు. 1950ల్లో అదే దేశానికి చెందిన జార్జి హాకెట్ ఈ తరహా వైద్యానికి ప్రోలోథెరపీ అని పేరు పెట్టారు. నేడు ఇందులో ఎక్కువగా వాడేది చిక్కటి గ్లూకోజు నీరే కావడం విశేషం. అది కీలు చుట్టూ ఉన్న నరాల్లాంటి కట్లను కాస్త రేపుతుంది. ఆ రేగిన చోటును శరీరం మాన్పుకునే క్రమంలో కట్లు బిగుస్తాయన్నది దీని సూత్రం. కొన్ని వారాల ఎడంతో పలుమార్లు సూది వేస్తారు.

రెండోది రోగి రక్తంతోనే చేసేది. డెంగీ జ్వరాల మూలంగా ప్లేట్‌లెట్ల పేరు పల్లెల్లోనూ తెలిసింది. చేతి నుంచి కొద్దిగా రక్తం తీసి, యంత్రంలో గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని కీలులోకి ఎక్కిస్తారు. మానుదలకు తోడ్పడే పదార్థాలు వాటిలో ఉంటాయి. కొందరికి నొప్పి తగ్గి నోరు మరికొంత తెరుచుకుంటున్నట్లు పరిశోధనల్లో కనిపించింది. అరిగిన బిళ్ల తిరిగి మొలుస్తుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదు.

మూడోది మూలకణాల సూది. దవడ కీలుకు ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. అనుమతి పొందిన పరిశోధనలో తప్ప ఇటువంటి వ్యాధులకు మూలకణాలు ఎక్కించరాదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. డబ్బు తీసుకుని కొత్త కీలు మొలిపిస్తామనే మాట నమ్మి పొలం తాకట్టు పెట్టవలసిన పని లేదు.

ముందు చేయవలసింది

చాలామందికి సూది అవసరమే రాదు. కొన్నాళ్లు మెత్తని అన్నం, గోరువెచ్చని కాపడం, ఆవలించేటప్పుడు గడ్డం కింద చెయ్యి ఆనించడం, వైద్యుడు నేర్పిన దవడ వ్యాయామాలు చాలు. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శకాలు కూడా దీర్ఘకాలపు దవడ నొప్పికి వ్యాయామాలకే పెద్దపీట వేశాయి. కీలు కడగడం, కీలులోకి జిగురు మందు ఎక్కించడం వంటివాటికి అవి మొగ్గు చూపకపోవడం గమనార్హం.

నోరు తెరుచుకోని ప్రతివారిదీ కీలు జబ్బు కాదు. పెద్దవారికి సాధారణంగా తమ మూడు వేళ్లు నిలువుగా పట్టేంత, అంటే సుమారు 40 మిల్లీమీటర్లు, నోరు తెరుచుకోవాలి. గుట్కా, వక్క నమిలేవారికి బుగ్గల లోపలి పొర గట్టిపడి ఈ కొలత తగ్గిపోతుంది. అది కేన్సరుకు దారితీసే ప్రమాదం ఉంది. కీలుకు సూది వేస్తే అది నయం కాదు. దెబ్బ తగిలిన కొద్దిరోజులకు దవడ బిగుసుకుని మెడ, ఒళ్లు కొయ్యబారితే ధనుర్వాతంగా అనుమానించి ఆ క్షణమే పెద్దాసుపత్రికి తరలించాలి.

పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చెట్టు మీద నుంచో, మెట్ల మీద నుంచో పడి గడ్డానికి దెబ్బ తగిలితే చర్మం మానింది కదా అని ఊరుకోరాదు. లోపల కీలు విరిగి, ఎముకకు ఎముక అతుక్కుపోతే నోరు తెరుచుకోదు, కింది దవడ ఎదగదు. అప్పుడు ఏ సూదీ పనిచేయదు. శస్త్రచికిత్స ఒక్కటే మార్గం. దెబ్బ తగిలిన వెంటనే ఎక్స్‌రే తీయిస్తే ఆ దుస్థితి చాలావరకు తప్పుతుంది.

తెరిచిన నోరు మూతపడకపోతే నాటు పద్ధతిలో దవడ మీద కొట్టించరాదు. వైద్యుడు రెండు బొటనవేళ్లతో దవడను కిందికి, వెనక్కి నొక్కి సరిచేస్తారు. నరసరావుపేట ప్రభుత్వ ఆసుపత్రిలో ముందు చూపించుకుని, అవసరమైతే గుంటూరు పెద్దాసుపత్రికో, విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలకో వెళ్లవచ్చు.

సూది వేయించుకోమన్నప్పుడు రోగి అడగవలసినవి నాలుగు ఉన్నాయి. జబ్బు కండరంలో ఉందా, బిళ్లలోనా, వదులు కీలా? సూదిలో ఏముంది? ఎన్నిసార్లు, మొత్తం ఖర్చెంత? తగ్గకపోతే తర్వాత ఏం చేస్తారు? మధుమేహం ఉన్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా ముందే చెప్పాలి. వీటికి సూటిగా జవాబు రాని చోట డబ్బు కట్టకుండా మరో వైద్యుణ్ణి సంప్రదించడం మేలు.