మంచు జారవిడిచిన రాళ్లు

మే నెల మిట్టమధ్యాహ్నం సుల్తానాబాదు బస్టాండులో నిలబడి, "ఈ చుట్టుపక్కల ఒకప్పుడు మంచుగడ్డలు తేలుతుండేవి" అని చెప్పి చూడండి. నవ్వుతారు. నవ్వనివ్వండి. మీరు మాత్రం ముందు నాతో ఓడ ఎక్కండి.

ఇది ఉత్తర ధ్రువానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో, స్వాల్‌బార్డ్ దీవుల్లోని కాంగ్స్‌ఫియర్డ్. ఫియర్డ్ అంటే హిమానీనదం దొలిచిన లోయలోకి సముద్రం చొరబడగా ఏర్పడిన పాయ. ఒడ్డున కనిపించే చిన్న ఊళ్లోనే మన దేశపు పరిశోధన కేంద్రం 'హిమాద్రి' 2008లో వెలసింది. ఎదురుగా గోడలా నిలిచినది హిమానీనదం అంచు. దానినుంచి విరిగిన ముక్కలే మన ఓడ చుట్టూ తేలుతున్నాయి. పైకి కనిపించేది పదోవంతు మాత్రమే. గాలి బుడగలున్న మంచు తెల్లగా ఉంది. ఒత్తిడికి బిగుసుకున్న మంచు ఎరుపు కాంతిని మింగి నీలంగా మెరుస్తోంది. చెవి ఒగ్గి వినండి. పోపులో ఆవాలు చిటపటలాడినట్లు లేదూ? మంచు కరుగుతుంటే లోపల బందీ అయిన గాలి బుడగలు పగిలే చప్పుడది!

ఈ ఫియర్డ్‌లో బ్లోమ్‌స్ట్రాండ్ అనే నేల ఉంది. నార్వే వాళ్లు దాని పేరులోనే 'ద్వీపకల్పం' అని చేర్చారు. 1990ల్లో హిమానీనదం వెనక్కి తగ్గాక చూస్తే అది దీవి! పేరు పెట్టినవారి తప్పు లేదు. అంతవరకూ మంచే దాన్ని ఒడ్డుతో కలిపి ఉంచింది.

ఇప్పుడు ఆ మురికి ముక్కను చూడండి. హిమానీనదం కొండల్ని ఒరుసుకుంటూ పోగుచేసిన రాళ్లు అందులో ఉన్నాయి. మంచు కరగగానే అవి బుడుంగున మునిగి, అడుగునున్న మెత్తని బురదలో దిగబడతాయి.

ఇక ఇంటికి వద్దాం. రామగుండం బొగ్గు మీకు తెలుసు. గోదావరి లోయలో ఆ బొగ్గు పొరలకూ అడుగున 'తాల్చేరు' శిలలున్నాయి. వయసు దాదాపు 30 కోట్ల ఏళ్లు. అప్పుడు మన నేల దక్షిణ ధ్రువానికి చేరువలో, గోండ్వానా అనే మహాఖండంలో భాగం. (ఆ పేరు మన ఆదిలాబాదులోనూ ఉన్న గోండులను బట్టి వచ్చిందే!) ఒడిశాలోని తాల్చేరు దగ్గర ఈ శిలల్ని 1856లో పరిశీలించిన బ్లాన్‌ఫోర్డ్ సోదరులకు మెత్తని బురదరాతిలో పెద్ద పెద్ద బండలు కనిపించాయి. బండల్ని దొర్లించేటంత వడిగల ఏరు సన్నని బురదను అక్కడ నిలవనిస్తుందా? నిలవనివ్వదు. అందుకే ఇది మంచు పనేనన్నారు. 1875లో ఫెడెన్ మరో సాక్ష్యం చూపాడు. చంద్రపూర్ దగ్గర ఇరై వద్ద సున్నపురాతి నేల నున్నగా అరిగి, గీతలు పడి ఉంది. రాళ్లు పొదిగిన మంచు దానిమీదుగా జరిగిందన్నమాట.

నమ్మకం కుదరలేదా? కందిగింజంత గులకరాయి వేసి ఐసు ముక్క గడ్డకట్టించండి. గాజు గ్లాసులో చెరువు మట్టి కలిపిన నీళ్లు పోసి, మట్టి పేరుకునేదాకా కదపకండి. తర్వాత ఐసు ముక్కను మెల్లగా నీటిపైన వదలండి. రాయి పడ్డచోట మట్టి పొర ఎలా వంగిందో గ్లాసు పక్కనుంచి చూడండి.