ఉలిపిడి యేల విఱుగును?

వరాహనదీతీరమున ఏటికొప్పాక పనివాండ్రు మెత్తని అంకుడుకఱ్ఱను తరిమెన పట్టి లక్కబొమ్మలు చేయుదురు. గట్టికొయ్య పట్టినపుడు ఉలిపిడికి పరీక్ష.

ఉలి ఆనిన చోటికి మొన 1 అంగుళము ముందును, చేయి 10 అంగుళములు వెనుకను ఉన్నచో, మొనపై పడు బలములో పదియవ వంతుతో చేయి దానిని నిలుపును. మొన 3 అంగుళములు ముందునకు సాగినచో మూడురెట్ల బలము వలయును. పిడిపై వంపును మూడురెట్లగును. ఉలితోక దిగిన చోట పిడి బోలుగా నుండుటచే అచ్చటనే చీలును. అందుకే పొన్ను తొడుగుదురు. నార ఏటవాలుగా నున్న పిడి పొన్నున్నను విఱుగును.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల బాలబాలికలకు మేము చెప్పునది యొక్కటే: నార నిలువుగా సాగిన తుమ్మకఱ్ఱను పిడికి ఎన్నుకొనుడు. చీలిన పిడిని వెంటనే మార్పుడు. లేనిచో ఉలితోక అరచేత దిగగలదు.