పెరటి కోళ్లకు రాత్రి గూడు

పెరటిలో నాలుగు కోళ్లు లేని రైతు ఇల్లు మన గ్రామాలలో అరుదు. పగలంతా అవి పెంటదిబ్బల మీద, గడ్డివాముల వద్ద, కళ్లాలలో తిరిగి తమ తిండిని చాలావరకు తామే ఏరుకొనును. నష్టము వచ్చునది రాత్రివేళ. సాయంత్రము పన్నెండు ఉన్న కోళ్లు తెల్లవారుసరికి తొమ్మిదయినచో ఆ ఇంటి ఇల్లాలి గుడ్ల రాబడిలో నాలుగవ వంతు పోయినట్లే. చాలా ఇండ్లలో సంత ఖర్చుకు, పిల్లల పుస్తకాలకు ఆమె చేతిలో ఆడు సొమ్ము అదియే.

రాత్రి రక్షణకు వాడుకలోనున్న పద్ధతులు రెండు. ఒకటి గంప క్రింద మూయుట. రెండవది గోడవారగా మట్టితో కట్టిన చీకటి గూడు. గంపను కుక్క దొర్లించగలదు, పందికొక్కు దాని క్రింద నేల త్రవ్వగలదు. మట్టిగూడు పిల్లి బారి నుండి కాపాడును గాని గాలి ఆడనీయదు. గూడు ఎంత బిగువుగా మూసిన అంత క్షేమమని చాలామంది తలంతురు. ఇది సరికాదు. కోడి ఒంటి వేడి మనకంటె హెచ్చు, సుమారు 41 డిగ్రీల సెంటిగ్రేడు. దానికి చెమట పట్టదు. ఎండకాలములో నోరు తెరచి రొప్పుచు ఆ వేడిని ఊపిరితో బయటకు పంపవలసినదే. రెట్టలో ముప్పాతిక వంతు నీరే. మూసిన గూటిలో ఆ తేమయు, రెట్ట నుండి లేచు అమ్మోనియా వాయువును కలసి కోళ్ల కండ్లను, ఊపిరితిత్తులను చెరచును. తెల్లవారి తలుపు తీయగానే మన ముక్కుకే ఘాటు తగిలినచో రాత్రంతా అందులో నున్నవాటి అవస్థ ఊహించవచ్చును. కనుక గూటికి కావలసినది దట్టమైన గోడ కాదు, గట్టి వల.

పది పన్నెండు కోళ్లకు అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తుగల గూడు చాలును. రాత్రి మాత్రమే పడుకొను కోడికి ఒక చదరపు అడుగు స్థలముండిన సరిపోవును. పొడవు తూర్పుపడమరలుగా పెట్టినచో ఉదయపుటెండ, సాయంత్రపుటెండ చిన్న ప్రక్కల మీదనే పడును. వాన నీరు నిలువని మెరక చూడవలెను. ఇంటి గోడకుగాని, చెట్టుకొమ్మకుగాని గూడు తగులరాదు; ఎలుక వచ్చు దారి అదియే.

సరుగుడు వాసాలో, తుమ్మ కర్రలో కాళ్లుగా నాటి, గూటి అడుగును నేలకు రెండున్నర అడుగుల ఎత్తున అమర్చవలెను. భూమిలోనికి దిగు భాగమునకు తారు పూసిన చెదలు పట్టవు. ప్రతి కాలికి పై భాగమున పాత డబ్బా రేకును గరాటువలె, వెడల్పు నోరు క్రిందికి ఉండునట్లు చుట్టి మేకులు కొట్టవలెను. ఎలుక, పాము దానిని దాటుట కష్టము. అడుగుకు వెదురు బద్దలను ముప్పాతిక అంగుళము ఎడముతో కొట్టినచో రెట్ట క్రిందికి రాలిపోవును. చిన్న పిల్లల కాళ్లు ఆ సందులలో ఇరుకును గనుక వాటికి గోనెపట్టా పరచవలెను.

నాలుగు ప్రక్కల అర అంగుళము కన్నుగల ఇనుప వల వేయవలెను. బజారులో చౌకగా దొరకు పెద్ద కన్నుల వల కోడిని లోపల ఆపును గాని పామును, ఎలుకను బయట ఆపదు. ఖర్చు తగ్గించదలచినవారు మరెక్కడనైన తగ్గించవచ్చును గాని ఇచ్చట కాదు. తలుపుకు ఒక గడియ చాలదు, రెండు పెట్టవలెను. ఎక్కుటకు వాలుగా పెట్టిన నిచ్చెనను రాత్రి తీసివేయుట మరువరాదు.

కప్పుకు తాటాకు చల్లనిది. రేకు వేయువారు దానిపై గడ్డి పరచవలెను. లేనిచో మే నెల మధ్యాహ్నము గ్రుడ్డు పెట్టబోయిన పెట్ట లోపలనే వడదెబ్బ తినును. చూరు అడుగున్నర ముందుకు వచ్చిన జల్లు లోపల పడదు. ముసురు పట్టినప్పుడు గాలి వచ్చు ప్రక్క గోనెతెర దించవచ్చును గాని పైన ఆరంగుళాలు తెరచి ఉంచవలెను.

లోపల దండెలు రెండు, ఒకే ఎత్తున, పద్నాలుగు అంగుళాల ఎడములో ఉండవలెను. ఎత్తు వేరైనచో పై దండెకై ప్రతి సాయంత్రము పోట్లాట. రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా వంటి బరువైన కోళ్లకు దండె అడుగు ఎత్తు మించరాదు. అయిదు పెట్టలకొకటి చొప్పున అడుగు ఘనపు పెట్టెలను గూటి ప్రక్కకు, దండెకంటె దిగువ మట్టములో తగిలించి ఎండుగడ్డి వేయవలెను. పెట్టె ఎత్తుగా నున్నచో కోళ్లు అందులోనే నిద్రించి గ్రుడ్లను మురికి చేయును.

నల్లులవలె పగలు కర్ర సందులలో దాగి రాత్రి రక్తము పీల్చు కోడి పిడుదులు తరచు కంటబడవు. ఇవి నెలల తరబడి తిండి లేకయే బ్రతుకును. పూర్వము డి.డి.టి. చల్లుట వాడుక, వ్యవసాయములో దాని ఉపయోగము 1989లో నిషేధింపబడినది. సందులను పూడ్చి, నాలుగు మాసాలకొకసారి సున్నము కొట్టి, దండెలను ఊడదీసి ఎండలో వేయుట మేలు. ఈ కారణముననే దండెలను మేకులతో బిగించరాదు, గాడిలో కూర్చోబెట్టవలెను.

గూడున్న ఇంట టీకాలు వేయించుట కూడ సులభము. పెరడంతయు తరుమనక్కరలేక, చీకటి పడిన తరువాత ఒక్కొక్కదానినే పట్టి ఇయ్యవచ్చును. కుమావూ కొండలలోని రాణీఖేత్ పేరుతో పిలువబడు కొక్కెర తెగులు వచ్చినచో ఏ వలయు ఆపదు. పిల్లలకు 5–7 రోజుల వయస్సులో లసోటా చుక్కలు, ఎనిమిదవ వారమున ఆర్‌2బి సూది వేయించవలెను. గ్రామాధికారులు సమీప పశువైద్యశాలతో మాట్లాడి ఊరి కోళ్లన్నిటికి ఒకే సాయంత్రము ఏర్పాటు చేసినచో మందు వృథా కాదు, విడిచిన ఇల్లూ ఉండదు.

క్రొత్త గూటికి కోళ్లు తమంత తాము రావు. మొదటి మూడు రోజులు నీరు, మేత లోపలనే పెట్టి మూసి ఉంచవలెను. నాలుగవనాడు ప్రొద్దు వాలబోవు గంట ముందు వదలి, గూటి వద్దనే గుప్పెడు నూకలు చల్లిన చీకటి పడునప్పటికి నిచ్చెన ఎక్కును.