కట్టేసినా గెలిచారు!

పట్టుచీర అంచుకు మెరుపునిచ్చే జరీకి పేరుపడ్డ ఊరు సూరత్. ఆ జరీనే ఇంటిపేరులో మోసిన కుర్రాడు 1938 జులై 9న అక్కడే పుట్టాడు. పేరు హరిహర్ జెఠాలాల్ జరీవాలా. సినిమా లోకానికి సంజీవ్ కుమార్. బందీల కథల్లో నటుడికి కదలడానికి చోటుండదు, పాటా ఫైటూ ఆదుకోవు. అయినా కొందరు గెలిచారు. వారిలో సంజీవ్ కుమార్ ఒకడు. అందుకే ఆ జాబితాను సూరత్ నుంచే మొదలుపెడదాం.

చేతుల్లేని వేషం

'షోలే' (1975 ఆగస్టు 15) అనగానే బందిపోటు గబ్బర్ డెన్‌లో కట్టేసిన వీరూ, అతని ప్రాణం కోసం గాజుపెంకుల మీద ఆడే బసంతి గుర్తొస్తారు. కానీ సినిమా అంతా బందీగా ఉన్నది చేతులు కోల్పోయిన ఠాకూరే. రెండు చేతులూ శాలువా కింద దాచేసి, కళ్లతోనూ గొంతుతోనూ పగను పలికించాడు సంజీవ్ కుమార్. ఆ ముసలి వేషం తెర మీదికి వచ్చేనాటికి ఆయన వయసు 37. మొదట తీసిన ముగింపులో ఠాకూర్ గబ్బర్‌ను కాళ్లతోనే తొక్కి చంపుతాడు. సెన్సార్ ఒప్పుకోకపోవడంతో పోలీసులు వచ్చి ఆపినట్టు మార్చారు. ముంబయి మినర్వా థియేటర్లో ఈ సినిమా అయిదేళ్లకు పైగా ఆడింది. ముసలి వేషాల్లో మెప్పించిన సంజీవ్ కుమార్‌కు నిజం ముసలితనం రాలేదు. 1985 నవంబరు 6న, 47 ఏళ్లకే వెళ్లిపోయాడు.

పాటల్లేవు, నెల రోజుల్లో రెడీ

హిందీ సినిమా పాటల మీద బతుకుతున్న 1969లో బి.ఆర్. చోప్రా నిర్మాతగా, యశ్ చోప్రా దర్శకుడిగా ఒక్క పాటైనా లేని 'ఇత్తెఫాక్' వచ్చింది. వేరే సినిమా షూటింగ్ ఆగిపోవడంతో దొరికిన ఖాళీలో నెల రోజుల్లోపే చుట్టేశారు. దీని మూలం గుజరాతీ నాటకం 'ధుమ్మస్'. దానికి మూలం ఓ ఇంగ్లిష్ నాటకం. భార్యను చంపాడన్న నింద మోస్తున్న చిత్రకారుడు మానసిక ఆసుపత్రి నుంచి తప్పించుకుని, వాన రాత్రి ఒంటరి ఇల్లాలి ఇంట్లో దూరతాడు. రాజేశ్ ఖన్నా, నందా, ఒక ఇల్లు, ఒక రాత్రి. అంతే కథ. యశ్ చోప్రాకు ఉత్తమ దర్శకుడిగా ఫిల్మ్‌ఫేర్ అవార్డు దక్కింది.

తాడు లేకుండా కట్టేశాడు

2023లో వచ్చిన గుజరాతీ 'వశ్'లో ఆగంతకుడి చేతిలో తాడూ తుపాకీ ఉండవు. అమ్మాయికి ఏదో తినిపించి, మాటతోనే వశం చేసుకుంటాడు. ఆగంతకుడిగా హితేన్ కుమార్, ఆ అమ్మాయిగా జానకీ బోడీవాలా నటించారు. తన కాళ్లూ చేతులూ తన మాట వినని పిల్లగా ఆమె చేసిన నటనకు 71వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ సహాయనటి పురస్కారం వచ్చింది. ఉత్తమ గుజరాతీ చిత్రం కూడా ఇదే. మరో విశేషం, హిందీ రీమేక్ 'షైతాన్' (2024)లో ఆ పాత్రకు మళ్లీ ఆమెనే తీసుకున్నారు.

ఒకే సినిమా, ఇద్దరికీ బహుమతి

సీతాకోకచిలుకలు పట్టేవాడు అమ్మాయిని పట్టి నేలమాళిగలో దాచే కథ 'ది కలెక్టర్' (1965). బంధించిన టెరెన్స్ స్టాంప్, బందీ అయిన సమంతా ఎగ్గర్ ఇద్దరూ ఆ ఏడాది కాన్ ఉత్సవంలో ఉత్తమ నటుడు, ఉత్తమ నటి. స్టీఫెన్ కింగ్ నవల నుంచి పుట్టిన 'మిజరీ' (1990)లో రచయితను మంచానికి పరిమితం చేసిన అభిమాని వేషం కేథీ బేట్స్‌కు ఉత్తమ నటి ఆస్కార్ తెచ్చింది.

పద్నాలుగు గంటల దోపిడీ

1972 ఆగస్టు 22న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో బ్యాంకు దోపిడీ బెడిసికొట్టి, పద్నాలుగు గంటల బందీ నాటకంగా మారింది. దాని మీద తీసిన 'డాగ్ డే ఆఫ్టర్‌నూన్' (1975)కు నేపథ్య సంగీతమే కట్టలేదు. అల్ పచీనో చెమట, అరుపులే ఉత్కంఠ.

మన ఖాతాలో

చంద్రశేఖర్ యేలేటి 'ఐతే' (2003)లో లెక్క తిరగబడింది. ఉద్యోగాల్లేని కుర్రాళ్లు డాన్‌నే పట్టేస్తారు. ఆ డాన్ పవన్ మల్హోత్రా. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు దీనికే. రాధామోహన్ 'గగనం' (2011)లో హైజాకైన విమానం తిరుపతిలో దిగుతుంది. బయట నాగార్జున కమాండోలతో సిద్ధంగా ఉంటే, లోపల బందీల్లో తెర మీద పదిమందిని ఒంటిచేత్తో కొట్టే సినిమా హీరో కూడా ఇరుక్కుంటాడు. ప్రాణభయం మధ్య ఇంత నవ్వించిన హైజాక్ కథ తెలుగులో మరొకటి కనబడదు.

సూరత్‌లో సంజీవ్ కుమార్ పేరిట పెద్ద ఆడిటోరియం ఉంది. అటు వెళ్తే చూడండి. వెళ్లలేకపోతే ఓ వాన రాత్రి 'ఇత్తెఫాక్' పెట్టుకోండి. ముగింపు మాత్రం ముందే ఎవరినీ అడక్కండి.