కోతిపిల్ల ఎవరివద్ద నేర్చుకొనును?

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల మెట్ట చేలలో మొక్కజొన్న కంకి గింజ పట్టు వేళకు రైతు దిష్టిబొమ్మను నిలబెట్టును. మొదట కోతులు దానికి దూరముగా ఉండును. కొన్ని దినములకు పెద్దకోతి యొకటి బొమ్మ ప్రక్కగా నడచిపోయి కంకి విరుచును. ఆపైన పిల్లలు కూడ నిర్భయముగా దాని వెంట దిగును. బొమ్మను చూచి బెదరనక్కరలేదని వానికి ఎవరు చెప్పిరి?

జంతువుల ప్రవర్తనలో కొంత భాగము పుట్టుకతో వచ్చును. పుట్టిన కోతిపిల్ల తల్లి పొట్టను కరచుకొని పట్టుకొనుట ఇట్టిది. దీనిని సహజప్రవృత్తి అందురు. మరికొంత భాగమును జంతువు తన అనుభవముచే నేర్చుకొనును. మూడవ మార్గము మరియొకటి కలదు. తోటి జంతువు చేయుదానిని చూచి నేర్చుకొనుటయే అది. దీనికి సామాజిక అభ్యసనము అని పేరు.

ఈ మూడవ మార్గము పరిణామక్రమములో ఏల నిలిచినది? పాము ప్రమాదకరమని స్వానుభవముచే తెలిసికొనదలచిన కోతికి మొదటి పాఠమే కడపటి పాఠము కావచ్చును. పెద్దల బెదురును చూచి తానును బెదరినది బ్రతికి, పిల్లలను కనును. అట్లని ప్రతి విషయమును పుట్టుకతోనే తెచ్చుకొనుట సాధ్యము కాదు. ఏ చేనిలో ఏ పంట ఉన్నదో, ఏ చెట్టు ఎప్పుడు పండునో ఏటేట మారుచుండును. వంశపారంపర్యముగా వచ్చు గుణములు అంత వేగముగా మారజాలవు. అట్టి విషయములలో పెద్దల అనుభవమే పిల్లలకు పెట్టుబడి.

ఈ విషయమును అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునందు సుసాన్ మినేకా, మైకేల్ కుక్ మొదలగువారు 1980 తరువాతి దశాబ్దములో రీసస్ కోతులపై పరీక్షించిరి. అడవిలో పెరిగిన కోతులు పామును చూచి బెదరినవి. ప్రయోగశాలలో పెరిగినవి బెదరలేదు. కాని పెద్దకోతులు బెదరుటను చూచిన కొద్దిసేపటికే ఈ పిల్లలలో చాలవాటికి పామన్న భయము పట్టుకొన్నది. మూడు మాసముల తరువాత కూడ అది పోలేదు.

తరువాతి ప్రయోగము మరింత ఆసక్తికరమైనది. బెదరిన కోతి చిత్రమును, అది పువ్వును చూచి బెదరినట్లుగా కూర్చి చూపిరి. అయినను చూచిన కోతులు పువ్వును చూచి భయపడుట నేర్చుకొనలేదు. పాము బొమ్మ విషయములో మాత్రము నేర్చుకొన్నవి. అనగా నేర్పువారు పెద్దలే అయినను, ఏది సులభముగా తలకెక్కునో పరిణామము ముందే నిర్ణయించి యుంచినదన్నమాట. సహజప్రవృత్తి, అభ్యసనము ఒకదానికొకటి విరోధులు కావు. మొదటిది నేల, రెండవది విత్తు.

మరియొక సంగతి కూడ తేలినది. భయము లేని కోతి పాము బొమ్మల యెదుట నిశ్చింతగా మసలుటను ముందుగా చూచిన కోతులలో పెక్కు, ఆ తరువాత బెదరు కోతిని చూచినను భయమును నేర్చుకొనలేదు. ధైర్యము కూడ చూచి నేర్చుకొనునదే. మన చేనిలోని దిష్టిబొమ్మ కథకు తాళపుచెవి ఇక్కడ దొరకుచున్నది.

క్రొత్త అలవాట్లు గుంపులో వ్యాపించు తీరును జపానునందలి కోషిమా ద్వీపములో పరిశీలించిరి. 1953లో ఇమో అను పేరుగల ఏడాదిన్నర ఆడకోతి చిలగడదుంపకు అంటిన ఇసుకను నీటిలో కడిగి తినసాగెను. ఈడు కోతులు, తల్లి దానిని అందుకొన్నవి. ముసలి మగకోతులు మాత్రము మారలేదు. ఇందులో అచ్చమైన అనుకరణ ఎంత, ఇతరులను చూచి నీటి చెంతకు చేరి ఎవరికి వారు కనుగొన్నదెంత అను విషయమున శాస్త్రజ్ఞులలో వాదము కలదు.

ఇక మన ప్రాంతము సంగతి. నందిగామ గోదావరి, కృష్ణల నడుమ ఉన్నది. పూర్వము తూర్పున గోదావరికి ఉత్తరమున పొట్టితోక గల రీసస్ కోతియు, దక్షిణమున పొడవుతోక గల బానెట్ కోతియు ఉండెడివి. బానెట్ కోతి తలపై వెంట్రుకలు టోపీ పెట్టినట్లుండును. రీసస్ కోతులు దక్షిణమునకు వ్యాపించి బానెట్ కోతుల చోటు నాక్రమించుచున్నవని 2011లో ప్రకటితమైన ఒక సర్వే తెలిపినది. రెండు జాతులును మానవుని చెంత బ్రతుకుట నేర్చినవే. గుడి ముంగిట ఇచ్చిన అరటిపండు, రోడ్డు ప్రక్కన విసరిన పల్లీల పొట్లము ఒక్క కోతికి పెట్టిన తిండి మాత్రమే కాదు. చూచుచున్న పిల్లలన్నిటికి అది ఒక పాఠము. ఆ పాఠము నేర్చిన గుంపే మరునాడు చేనికి, ఇంటి పెరటికి వచ్చును.

కావున బొమ్మను ఒకేచోట మాసముల తరబడి ఉంచుట కోతులకు ధైర్యము నేర్పుటయే యగును. అవసరమైనప్పుడే నిలిపి, తావు మార్చుచు, మొదటి కోతి కంకి విరువక మునుపే కాపలాదారు తరిమినచో కొంత మేలు.

విద్యార్థులు దూరముగా నిలిచి, తిండి పెట్టక, కోతుల గుంపును ఒక వారము గమనింపవచ్చును. తోక పొడవెంత? క్రొత్త వస్తువును మొదట తాకినది పెద్దదా, పిల్లదా? తరువాత తాకినవెవ్వి? వ్రాసి యుంచుకొన్నచో, బడి బయటి చెట్టు క్రింద జరుగుచున్న బడి యొకటి కనబడును.