పాత జీపు వెనుక ఇరుసు లోపాలను గుర్తించడం

పాత జీపు వెనుక భాగం నుండి వచ్చే శబ్దాలు, అదురు, కుదుపులు, నూనె కారడం వంటి లక్షణాలను బట్టి లోపం కమాను కట్టలలో ఉన్నదా, ప్రొపెల్లర్ షాఫ్టులో ఉన్నదా, ఇరుసులో ఉన్నదా అని తేల్చుకొనే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. అమెరికాలో 1953లో తయారీ మొదలైన విల్లీస్ సీజే-3బి ఇక్కడ ఉదాహరణ. భారతదేశంలో మహీంద్రా సంస్థ ఈ నమూనా ఆధారంగా అనేక దశాబ్దాల పాటు జీపులను తయారు చేసింది.

నిర్మాణం

ఇంజను శక్తి గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసుల మీదుగా ప్రొపెల్లర్ షాఫ్టుకు చేరుతుంది. అక్కడి నుండి వెనుక ఇరుసులోని పినియను, క్రౌను చక్రాల ద్వారా చక్రాలకు అందుతుంది. షాఫ్టు రెండు చివరలా యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. ఇరుసును యూ-బోల్టులతో రెండు కమాను కట్టలకు బిగిస్తారు.

కమాను కట్టలు బరువును మోయడమే కాక, ఇరుసును దాని స్థానంలో నిలుపుతాయి, చక్రాల తోపును ఛాసిస్‌కు అందిస్తాయి. అందువలన కమాను లోపం తరచుగా షాఫ్టు లోపంలా కనిపిస్తుంది. ఈ సంగతి గమనించకుండా జాయింట్లు మారుస్తూ పోతే ఖర్చు పెరుగుతుందే గాని లోపం తీరదు.

పరీక్షకు ముందు జాగ్రత్త

సీజే-3బిలో హ్యాండ్‌బ్రేకు చక్రాల మీద కాక, ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక నున్న షాఫ్టు మీద పనిచేస్తుంది. ఒక వెనుక చక్రాన్ని జాకీతో ఎత్తినప్పుడు షాఫ్టు కదలకపోయినా, డిఫరెన్షియల్ కారణంగా ఎత్తిన చక్రం ఒక దిశలో, నేల మీది చక్రం మరొక దిశలో తిరగగలవు. అనగా బ్రేకు వేసి ఉన్నా బండి దొర్లగలదు. షాఫ్టు విప్పినప్పుడు కూడా ఇదే ప్రమాదం ఉంది. కాబట్టి నేల మీది చక్రాలకు ముందు, వెనుక దిమ్మెలు తప్పక పెట్టాలి. జాకీని మాత్రమే నమ్మి బండి కిందకు దూరరాదు.

వేగాన్ని బట్టి గుర్తించడం

సీజే-3బి ఇరుసు నిష్పత్తి 5.38. చక్రం ఒకసారి తిరిగేసరికి షాఫ్టు ఐదుసార్లకు పైగా తిరుగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో 6.00-16 టైరు సెకనుకు సుమారు 6 సార్లు, షాఫ్టు సుమారు 34 సార్లు తిరుగుతాయి. కనుక విడివిడిగా లెక్కించదగిన నిదానపు ఊపు టైరు, రిమ్ము లేదా బ్రేకు డ్రమ్ముకు చెందినది. లెక్కకు అందని సన్నని అదురు షాఫ్టుకు చెందినది.

భారాన్ని బట్టి గుర్తించడం

* యాక్సిలరేటరు నొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు మరొక రకంగా వినిపించే ఊళ: పినియను, క్రౌను చక్రాల అరుగుదల లేదా వాటి బేరింగుల వదులు.
* యాక్సిలరేటరుతో మారక, బండి పక్కకు తిరిగినప్పుడు హెచ్చుతగ్గులయ్యే గర్జన: చక్రపు బేరింగు.
* బయలుదేరేటప్పుడు ఒకసారి "టక్కు"మనే శబ్దం: జాయింటు అరుగుదల, వదులైన యూ-బోల్టు, లేదా హబ్బు నట్టు వదులు కావడం.

జాయింటు గిన్నెల చుట్టూ తుప్పు రంగు పొడి కనిపిస్తే లోపలి సూది బేరింగులు గ్రీజు లేక ఎండిపోయాయని అర్థం.

కమాను కట్టల తనిఖీ

కమాను కట్ట సెంటర్ బోల్టు విరిగితే ఇరుసు ముందుకో వెనుకకో జరుగుతుంది. అప్పుడు బండి వంకరగా నడుస్తున్నట్లు కనిపిస్తుంది. దీనిని గుర్తించడానికి ముందు చక్రాలను తిన్నగా ఉంచి, ముందు, వెనుక చక్రాల కేంద్రాల మధ్య దూరాన్ని రెండు వైపులా కొలవాలి. సీజే-3బిలో ఇది 80 అంగుళాలు. రెండు కొలతలూ సమానం కాకపోతే ఇరుసు జరిగిందేమో చూడాలి.

కమానులు కుంగినా, ఎత్తు పెంచడానికి మార్చినా పినియను వాలు మారుతుంది. యూనివర్సల్ జాయింటు వంపులో తిరిగేటప్పుడు ఒక్కొక్క చుట్టులో రెండుసార్లు వేగం హెచ్చుతగ్గులవుతుంది. రెండు చివరల వంపులు సమానంగా, జాయింటు ఫోర్కులు ఒకే తలంలో ఉంటే ఈ తేడాలు పరస్పరం రద్దవుతాయి. లేకపోతే కొత్త జాయింట్లు వేసినా అదురు పోదు. కాబట్టి షాఫ్టును విడదీసే ముందు గుర్తులు పెట్టుకొని, తిరిగి అదే స్థానంలో కలపాలి.

నూనె లక్షణాలు

ఇరుసు నూనె పాలవలె తెల్లబడితే నీరు చేరినట్లు. వాగులు దాటే బండ్లలో ఇది సాధారణం. బ్రేకు డ్రమ్ములోకి నూనె కారితే సీలు మార్చే ముందు ఇరుసు పైని గాలి రంధ్రం మూసుకుపోయిందేమో చూడాలి. అది మూసుకుపోతే లోపలి ఒత్తిడి కొత్త సీలునుండి కూడా నూనెను నెడుతుంది.

లోపం కానిది

ఈ జీపులలో ముందు, వెనుక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేదు. పొడి తారు రోడ్డుపై నాలుగు చక్రాల డ్రైవులో మలుపు తిరిగితే బండి బిగుసుకొని కుదుపుతుంది. రెండు చక్రాల డ్రైవుకు మార్చగానే కుదుపు పోతే అది లోపం కాదు.

వెంటనే ఆపవలసిన సందర్భం

సీజే-3బి వెనుక హబ్బును చివర సన్నబడిన యాక్సిల్ షాఫ్టు మీద కీ, నట్టుల సాయంతో బిగిస్తారు. నట్టు వదులైతే కీ తెగి, ఇంజను తిరుగుతున్నా బండి కదలదు. ఈ రకం ఇరుసులో షాఫ్టే చక్రాన్ని మోస్తుంది కనుక, అది విరిగితే చక్రం ఊడి బయటకు రాగలదు. చక్రాన్ని ఎత్తి ఊపినప్పుడు మితిమీరిన కదలిక ఉంటే, కారణం తెలిసేవరకు బండిని నడపరాదు.

ఇవి కూడా చూడండి

* జీపు
* డిఫరెన్షియల్
* బేరింగు